సైటుకు వచ్చే లోడు బండి, దాని పొగ: నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద కట్టడాలు నడిపేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

శ్లాబు పోసే రోజు గేటు దగ్గర మిక్సర్ లారీని ఆపితే ఏమవుతుందో ఒక ఎండాకాలం నాకు బాగా తెలిసొచ్చింది. నెల్లూరు శివార్లలో పెద్ద కట్టడం అది. స్టోర్సు, గేటు రెండూ నేనే చూసేవాణ్ణి. ముందురోజు కన్సల్టెంటు వచ్చి, పొల్యూషన్ సర్టిఫికెట్ లేని బండి లోపలికి రాకూడదని గట్టిగా చెప్పి వెళ్లాడు. మా సెక్యూరిటీ కుర్రాడు ఆ మాటను తూచా తప్పకుండా పాటించాడు. మూడో మిక్సర్ కాగితం గడువు దాటి పదకొండు రోజులైంది. బండి గేటు బయట నిలబడింది. డ్రమ్ములో కాంక్రీటు తిరుగుతోంది. పైన పంపు దగ్గర మేస్త్రీలు చేతులు కట్టుకుని కిందికి చూస్తున్నారు. "సార్, ఈ ఒక్క ట్రిప్పు దించేసి పోతా, కాగితాలు ఓనరన్న దగ్గరున్నాయి" అని డ్రైవరు బతిమాలాడు. చివరికి వదిలాం. వదలకపోతే శ్లాబు మధ్యలో జాయింటు, అంటే పాత కాంక్రీటు, కొత్త కాంక్రీటు కలవని అతుకు, పడుతుంది.

ఆ రోజు తప్పు కుర్రాడిది కాదు, నాది. ఆ షరతు మా వర్క్ ఆర్డరులో ఎక్కడా లేదు. లోడు ఎత్తాక గేటు దగ్గర నిబంధన గుర్తుకొస్తే చేయగలిగింది రెండే: వదిలేయడం, లేదా పని ఆపుకోవడం. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం బండి బయల్దేరకముందు చేయాల్సిన పని గురించే ఉంటుంది.

ఏ నిబంధన ఎవరి మెడకు

బండికి ఒక చట్టం ఉంది, సైటుకు ఇంకొకటి ఉంది. ఈ రెండూ కలిసిపోయినప్పుడే అయోమయం మొదలవుతుంది.

బండి సంగతి 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 115వ నియమం చూస్తుంది. మొదటి రిజిస్ట్రేషన్ అయిన ఏడాది తర్వాత ప్రతి వాహనానికీ పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. పాత బండ్లకు దాని గడువు ఆరు నెలలు, బీఎస్-4, బీఎస్-6 (బండి పొగకు కేంద్రం పెట్టిన భారత్ స్టేజ్ ప్రమాణాలు) బండ్లకు ఏడాది. లేకుండా దొరికితే మోటారు వాహన చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద మూడు నెలల వేటు దాకా పోవచ్చు. ఇదంతా బండి ఓనరు, డ్రైవరు పడే బాధ.

మరి సైటు యజమానికేంటి? నిర్మిత వైశాల్యం 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2,15,000 చదరపు అడుగులు దాటే కట్టడానికి 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. ఆ అనుమతి పత్రాల్లో మామూలుగా ఒక షరతు కనిపిస్తుంది: నిర్మాణ సామగ్రి తెచ్చే అద్దె వాహనాలు మంచి కండిషన్‌లో ఉండాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి, గాలి, శబ్ద ప్రమాణాలకు లోబడాలి, రద్దీ లేని వేళల్లోనే తిరగాలి. అంటే బండి మీది కాకపోయినా, డ్రైవరు మీ మనిషి కాకపోయినా జవాబు చెప్పాల్సింది మీరే. మా దగ్గర చాలామంది బిల్డర్లకు ఈ ఒక్క వాక్యం తెలియదు. అనుమతి పత్రం ఫైల్లో భద్రంగా ఉంటుంది, చదివినవాళ్లు ఉండరు.

ఇంకో కోణం కూడా ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి ప్రమాణాలు అందుకోని పట్టణాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి 13 ఉన్నాయి. అందులో నెల్లూరు ఉంది, ఒంగోలూ ఉంది. పీఎం-10 అనే, పది మైక్రాన్ల లోపు ధూళికణాల సగటు ఏడాదికి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. ఈ ఊళ్లలో రోడ్డు దుమ్ము, లారీ పొగ, కట్టడాల ధూళి మీద అధికారుల కన్ను ఎందుకు పడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మొదటి మెట్టు: అనుమతి పత్రం తీసి రవాణా మాటలన్నీ గీత గీయండి

అరగంట పని. వాహనాలు, దుమ్ము, జనరేటర్, రద్దీ వేళలు అన్న మాటలు ఎక్కడ కనిపించినా హైలైటర్‌తో గీయండి. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతిలో కూడా ఇదే చేయండి. రెండింట్లో ఏది కఠినంగా ఉంటే అదే మీ లెక్క. కట్టడం 20,000 చదరపు మీటర్ల లోపు అయినా బండి చట్టం మారదు కాబట్టి మిగతా మెట్లు మీకూ వర్తిస్తాయి.

రెండో మెట్టు: ఎవరి బండి ఎక్కడినుంచి వస్తోందో రాసుకోండి

మన వైపు ఒక పెద్ద సైటుకు వచ్చేవి రకరకాల బండ్లు. క్రషర్ల నుంచి కంకర, రోబో ఇసుక టిప్పర్లు. గ్రావెల్ తోలే టిప్పర్లు. గుమ్మిడిపూండి వైపు నుంచి పదహారో నంబరు హైవే మీద ఊచల ట్రైలర్లు. నేలటూరు థర్మల్ స్టేషన్ నుంచి బూడిద. చీమకుర్తి నుంచి గ్రానైట్. రెడీమిక్స్ ప్లాంటు నుంచి మిక్సర్లు. ఇవి కాక ప్లంబింగ్, కరెంటు సామాను తెచ్చే చిన్న ఆటోలు, మినీ ట్రక్కులు. వీటన్నిటికీ ఒకే పద్ధతి పెడితే నడవదు.

రోజూ తిరిగే బండ్లను ఒక జాబితాగా, ఎప్పుడో ఒకసారి వచ్చేవాటిని ఇంకో జాబితాగా విడగొట్టండి. రోజూ తిరిగేవి మహా అయితే పాతిక ముప్పై ఉంటాయి. వాటి కాగితాలు ఒక్కసారి సరిచూసుకుని, గడువు తేదీ పక్కన రాసుకుంటే సగం టెన్షన్ పోతుంది. రెండో జాబితా ఎంత పొడవైనా కంగారు పడొద్దు, అవి వచ్చే ముందురోజు చూసుకోవచ్చు.

బండి ఏ ప్రమాణానిదో ఆర్‌సీలో ఉంటుంది. మొత్తం దేశానికి బీఎస్-4 వచ్చింది 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న. తయారీ తేదీ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. కొందరు కన్సల్టెంట్లు బీఎస్-6 బండ్లనే రానివ్వమంటారు. ఆ మాట కాగితం మీద బాగుంటుంది. మన వైపు రెండు టిప్పర్లు ఫైనాన్సులో పెట్టుకుని బతికే ఓనర్లు ఉన్నారు. రాత్రికి రాత్రి వాళ్లను బయటికి పంపితే, పెద్ద ఓనరు పేరు మీద బిల్లు పెట్టి అదే పాత బండిని పంపుతారు. దానికన్నా పాత బండి రావచ్చు, పొగ పరీక్షలో గట్టెక్కాలి, రోజుకు ఐదారు ట్రిప్పులు తోలే పనికి మాత్రం కొత్త బండే కావాలి అనడం మేలు. ఎక్కువ పొగ వచ్చేది ఎక్కువ తిరిగే బండి నుంచే కదా.

మూడో మెట్టు: వర్క్ ఆర్డరులో రాయండి

అసలు పని ఇక్కడే ఉంది. కంకర టన్ను రేటు, చెల్లింపు గడువు ఎంత స్పష్టంగా రాస్తారో బండి సంగతీ అంత స్పష్టంగా రాయాలి. "వాహనాలు నిబంధనలు పాటించాలి" అన్న ఒక్క ముక్కతో ఏమీ జరగదు. మేము వాడే మాటలు దాదాపు ఇలా ఉంటాయి:

"సరుకు తెచ్చే ప్రతి వాహనానికి లోడింగ్ రోజున గడువులో ఉన్న పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. వాహనం నంబరు, సర్టిఫికెట్ గడువు తేదీ లోడింగ్‌కు ముందురోజు సాయంత్రం ఐదింటిలోపు స్టోర్సుకు పంపాలి. పంపని వాహనానికి గేటు పాస్ ఇవ్వము. అలాంటి వాహనం వచ్చి వెనక్కి వెళ్తే రవాణా ఖర్చు, వెయిటింగ్ ఛార్జీ సరఫరాదారువే. కంటికి కనిపించేలా నల్లపొగ వదిలే వాహనాన్ని సర్టిఫికెట్ ఉన్నా మరమ్మతు అయ్యేదాకా పక్కన పెడతాము. టార్పాలిన్ కప్పకుండా వచ్చిన లోడును దించుకోము."

చివరి రెండు వాక్యాల దగ్గర సరఫరాదారు తప్పకుండా పేచీ పెడతాడు. పట్టు వదలకండి. మొదటి వాక్యం గురించి పేచీ పెడితే మాత్రం ఆ మనిషితో వ్యాపారం వద్దు, వేరే క్రషర్ చూసుకోండి.

రెడీమిక్స్‌కు ఇంకో వాక్యం చేర్చాలి. ఆ రోజు నేను నేర్చుకున్న పాఠం అది: శ్లాబు తేదీకి రెండు రోజుల ముందే ఆ పోతకు వచ్చే మిక్సర్ల నంబర్లన్నీ, అదనంగా ఒక బండి నంబరు కూడా ప్లాంటు ఇవ్వాలి. కాంక్రీటును లోడు చేసిన రెండు గంటల్లోపు దించాలన్నది ప్రమాణం. మే నెల ఎండలో అంత వ్యవధి కూడా దొరకదు. కాగితాల కోసం గేటు దగ్గర ఇరవై నిమిషాలు పోగొట్టుకోగలిగే సరుకు కాదది.

నాలుగో మెట్టు: కాగితాన్ని నిజంగా చూడటం

2021 నుంచి దేశమంతా పొల్యూషన్ సర్టిఫికెట్ ఒకే నమూనాలో వస్తోంది. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. తమిళనాడు బండి తెచ్చినా, తెలంగాణ బండి తెచ్చినా ఇక్కడ చెల్లుతుంది, మళ్లీ మన దగ్గర తీయించమని అడగకండి. ఫోన్‌లో డిజిలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో చూపించినా సరిపోతుంది, కాగితమే కావాలని పట్టుబట్టే పనిలేదు.

వాట్సాప్‌లో వచ్చే ఫొటోను మాత్రం నమ్మకండి. ఒకే ఫొటోను నాలుగు బండ్లకు పంపిన ఓనరును చూశాను. అడిగితే "అన్నీ మావే గదా అన్నా" అన్నాడు. బండి నంబరు ఎంపరివాహన్‌లో కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నంబరు ప్లేటు, సర్టిఫికెట్ మీది నంబరు, వేబిల్లు మీది నంబరు మూడూ ఒకటేనా చూడండి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు కూడా ఆ తెరమీదే కనిపిస్తాయి, అదే చూపులో చూసేయండి.

గేటు దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటి: కొత్త లారీని సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపడం. రిజిస్ట్రేషన్ అయి ఏడాది నిండని బండికి అది అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి సెక్యూరిటీ గదిలో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.

ఐదో మెట్టు: పొగను కళ్లతో చూడటం

సర్టిఫికెట్ ఉన్న బండి కూడా బొగ్గుబండిలా పొగ వదలొచ్చు. అదెలాగో తెలియాలంటే పరీక్ష ఎలా చేస్తారో తెలియాలి. డీజిల్ బండిని నిలబెట్టి, గేరు లేకుండా యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కుతారు. ఇలా కొన్నిసార్లు చేసి గొట్టంలోంచి వచ్చే పొగ మందాన్ని హార్ట్‌రిడ్జ్ యూనిట్లలో కొలుస్తారు. సున్నా అంటే స్వచ్ఛం, వంద అంటే వెలుతురే దాటనంత నలుపు. బీఎస్-4 కంటే పాత బండి 65 దాటకూడదు, బీఎస్-4 బండి 50 దాటకూడదు. కానీ ఇదంతా బండి నిలబడి ఉన్నప్పుడు చేసే పరీక్ష. ఇరవై టన్నుల కంకరతో మీ సైటు ర్యాంపు ఎక్కేటప్పుడు ఆ ఇంజిను పడే కష్టం వేరు. సర్టిఫికెట్ వచ్చిన మూడో నెల్లో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే కాగితానికి తెలియదు.

అందుకే ర్యాంపు ఎక్కే చోట ఒక మనిషిని పెట్టి చూడమంటాను. గేరు మార్చినప్పుడు ఒక్క క్షణం వచ్చే నల్లపొగను పట్టించుకోనక్కర్లేదు. ఎక్కినంతసేపూ నల్లగా వస్తుంటే ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, లేదా మితిమీరిన లోడు. నీలం రంగు పొగ అయితే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, రిపేరు పెద్దదే. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు తెల్లగా వచ్చి కాసేపటికి ఆగిపోతే మామూలే, వేడెక్కాక కూడా ఆగకపోతే మెకానిక్‌కు చూపించమనాలి.

లోడు సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. కాటా స్లిప్పును పొగతో కలిపి చూడండి. నల్లపొగ వదిలే బండ్లలో చాలా వాటికి జబ్బు ఇంజిన్‌లో కాదు, ట్రక్కు బాడీలో ఉంటుంది. ఓవర్‌లోడుకు చట్టంలో 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉంది. టన్ను లెక్కన డబ్బిస్తూ ట్రిప్పుకు ఎక్కువ తెమ్మని మీ స్టోర్సువాళ్లే ప్రోత్సహిస్తుంటే, ఆ పొగలో మీ వాటా కూడా ఉన్నట్టే.

బీఎస్-6 లారీల్లో ఇంకో తమాషా ఉంది. వాటికి డీజిల్‌తో పాటు డెఫ్ అనే ద్రవం పోయాలి. శుద్ధి చేసిన నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం అది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను అది విడగొడుతుంది. అయిపోతే బండి పవర్ తగ్గించేస్తుంది. వరి పండే మన జిల్లాల్లో యూరియా బస్తా ప్రతి ఊరి కొట్లోనూ దొరుకుతుంది గదా అని కొందరు డ్రైవర్లు అదే నీళ్లలో కలిపి పోస్తారు. పొలం యూరియాకు 2015 నుంచి వేప పూత ఉంటోంది. ఆ పూత, మామూలు నీళ్లలోని ఉప్పు కలిసి సన్నని నాజిల్‌ను, పొగను శుద్ధి చేసే లోపలి కాటలిస్టును పాడుచేస్తాయి. తర్వాత వచ్చే బిల్లు డెఫ్ డబ్బాల ఖర్చుకు ఎన్నో రెట్లు. సిస్టమ్‌ను మోసం చేసే చిన్న పెట్టె బిగించి డెఫ్ లేకుండానే తోలేవాళ్లూ ఉన్నారు. బండిని అలా మార్చడం 182ఏ సెక్షన్ కింద నేరం. మీరు విప్పి చూడలేరు కానీ, నెలంతా తిరిగే బీఎస్-6 బండిని డెఫ్ బిల్లు చూపించమని అడగొచ్చు.

ఆరో మెట్టు: వేళలు, క్యూ, ఆగిన ఇంజిను

రద్దీ లేని వేళలంటే ఏవో అనుమతి పత్రం చెప్పదు. మీరే నిర్ణయించుకుని రాసిపెట్టుకోవాలి. నెల్లూరులో ట్రంకు రోడ్డు, అయ్యప్పగుడి సెంటరు దాటి రావాల్సిన బండి అయితే పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వద్దంటాను. స్కూలు ఆటోల మధ్యలో టిప్పరు నిలబడితే పొగ కంటే ముందు గొడవ మొదలవుతుంది. ఊళ్లోకి భారీ వాహనాలు రాకూడని వేళలేవో ట్రాఫిక్ పోలీసులను అడిగి అదే చీటీలో చేర్చండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్ద నియమాల ప్రకారం రాత్రి వేళ, ఇళ్ల మధ్య సైటయితే అప్పుడు కంకర దించకండి.

తర్వాత క్యూ. నిలబడి ఇంజిన్ ఆన్‌లో ఉంచిన పెద్ద లారీ గంటకు రెండు మూడు లీటర్ల డీజిల్ తాగుతుంది. గేటు బయట ఆరు బండ్లు అలా నిలబడితే ఆ పొగంతా పక్కింటి కిటికీలోకే. బండ్లకు గంట గంటకు టైమ్ స్లాటు ఇవ్వండి, తొందరగా వచ్చినవాళ్లను హైవే పక్క లారీలు ఆపే చోటే ఆగి ఫోన్ చేయమనండి. ఐదు నిమిషాలకు మించి ఆగాల్సి వస్తే ఇంజిన్ ఆపాలన్నది మా సైటు నియమం. డ్రైవర్లు ఆపకపోవడానికి చాలాసార్లు కారణం పాత బ్యాటరీ, మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదోనన్న భయం. తిట్టే ముందు అది అడగండి. నీడ, తాగునీళ్లు ఉన్న చోటు చూపిస్తే క్యాబిన్‌లోంచి దిగుతారు, ఇంజినూ ఆగుతుంది.

మిక్సర్ లారీకి ఈ నియమం పెట్టకండి. దాని డ్రమ్ము ఇంజిన్ బలంతోనే తిరుగుతుంది. ఆపితే కాంక్రీటు గట్టిపడుతుంది. దానికి మందు ఒక్కటే, క్యూ లేకుండా చూసుకోవడం.

ఏడో మెట్టు: గొట్టంలోంచి రాని ధూళి

పర్యావరణ పరిరక్షణ నియమాలకు 2018 జనవరిలో ఒక సవరణ వచ్చింది. దాని ప్రకారం సైటుకు పోయే దారి, లోపలి దారి గట్టి రోడ్డుగా ఉండాలి. మట్టి, ఇసుక కప్పకుండా వదలకూడదు. నీళ్లు చల్లే ఏర్పాటు ఉండాలి. ఏ జాగ్రత్తలు తీసుకుంటున్నారో జనానికి కనపడేలా బోర్డు పెట్టాలి.

మనకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు టైర్లకు అంటుకుని బయటి రోడ్డు మీదికి పోయిన బురదే సంక్రాంతి నాటికి ఎండి దుమ్మవుతుంది. కాబట్టి టైర్లు కడిగే గుంట వానాకాలానికి ముందే తవ్వించండి. కాంక్రీటు వేసిన పల్లం, ఒక పంపు, పైపు పట్టుకునే మనిషి ఉంటే సరి. కడిగిన నీళ్లు తేరుకున్నాక మళ్లీ వాడుకోవచ్చు.

పొడి బూడిదను మూసిన ట్యాంకరు లారీలోనే తెప్పించండి. టిప్పరులో అయితే తడిపి, టార్పాలిన్ కప్పి తేవాలి. ఎండాకాలం పడమటి గాలికి సగం బూడిద దారిలోనే పోతుంది, డబ్బు మాత్రం పూర్తిగా కడతారు.

లోపల తిరిగే యంత్రాలు

జేసీబీ, ఎక్స్‌కవేటర్, లోడరు డెలివరీ బండ్లు కావు కానీ తనిఖీకి వచ్చినవాళ్లు ఆ తేడా పెట్టుకోరు. నిర్మాణ యంత్రాలకు వేరే మెట్లున్నాయి: కొత్తగా వచ్చే వాటికి 2021 ఏప్రిల్ నుంచి నాలుగో దశ, 2025 జనవరి నుంచి ఐదో దశ ప్రమాణాలు. అద్దెకు తీసుకునేటప్పుడు ఏ ఏడాది మోడలో బిల్లు మీద రాయించుకోండి. పొలం పనికి రిజిస్టరైన ట్రాక్టరుతో రోజూ గ్రావెల్ తోలించుకుంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర అదొక వేరే తలనొప్పి.

చివరి మెట్టు: పుస్తకం

ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఇప్పటికే బండి నంబరు, సరుకు, టైము రాస్తున్నారు. ఇంకో మూడు గడులు కొట్టించండి: సర్టిఫికెట్ గడువు తేదీ, పొగ ఎలా ఉంది, వెనక్కి పంపితే ఎందుకు. పొగ గడిలో "సరే", "నలుపు", "నీలం" అన్న మూడు మాటలు చాలు. వెనక్కి పంపిన బండ్ల గడి ఖాళీగా ఉంటే గర్వపడకండి. ఏడాది పొడవునా ఒక్క బండీ వెనక్కి పోలేదంటే తనిఖీ అధికారి ఆ పుస్తకాన్ని నమ్మడు. మా మిక్సర్ లాంటివి జరిగినప్పుడు కూడా దాచకుండా ఎందుకు వదిలామో, తర్వాత ప్లాంటుకు ఏం రాశామో అక్కడే రాశాం.

పర్యావరణ అనుమతి ఉన్న సైటు ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతులు పాటించిన నివేదిక ఇవ్వాలి. వాహనాల షరతుకు ఎదురుగా "పాటిస్తున్నాము" అని ఒక్క మాట రాసే బదులు ఆ ఆరు నెలల్లో ఎన్ని బండ్లు వచ్చాయి, ఎన్నింటిని ఏ కారణంతో ఆపారు అన్న లెక్క, రిజిస్టరులోంచి నాలుగైదు పేజీల నకళ్లు, టైర్లు కడిగే చోటు ఫొటో జతచేయండి. మే నెల చివరివారంలో కూర్చుని పాత తేదీలతో రిజిస్టరు నింపే సైట్లు చూశాను, అన్ని పేజీల్లో ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ఏ నెల లెక్క ఆ నెలాఖరుకే తీసి, కింద స్టోర్సు ఇన్‌ఛార్జి, సెక్యూరిటీ సూపర్‌వైజరు ఇద్దరితో సంతకం పెట్టించి స్కాన్ చేసి పెట్టుకోండి.